అమృత్ ఏ భాషలో రాశాడు?
‘పార్టీ’ నాటకం, చిత్రం: ఒక పరిశీలన

గోవింద్ నిహలానీ 1984లో తీసిన ‘పార్టీ’ చిత్రాన్ని మా శాఖ విద్యార్థులకు ఇప్పటికి అయిదారుసార్లు చూపించాం. చూపించిన ప్రతిసారీ ఆ తరువాతి చర్చ ఒకే దారిన నడిచేది. కళ కళ కోసమా, సమాజం కోసమా అన్న ప్రశ్న వచ్చేది. మన పిల్లలకు హైస్కూలు వక్తృత్వపు పోటీలనాటి నుంచి అలవాటైన అంశం కనుక రెండు పక్షాలూ చకచకా ఏర్పడేవి. గంట కొట్టేసరికి అందరూ తృప్తిగా లేచేవారు. ఒక్క సంవత్సరం మాత్రం అలా జరగలేదు. షోలాపూరు మగ్గాలవారి పేట నుంచి వచ్చిన ఒక విద్యార్థిని వెనుక బెంచీలో నుంచి లేచి, “సార్, ఆ అమృత్ అసలు ఏ భాషల రాసిండు?” అని అడిగింది. తరగతి నవ్వింది. మేము నవ్వలేదు గాని జవాబూ చెప్పలేదు. ఈ వ్యాసం ఆలస్యంగా చెబుతున్న ఆ జవాబే.

చిత్రం చూడనివారి కోసం కథ రెండు మాటల్లో చెబుతాం. బొంబాయిలో దమయంతీ రాణే అనే సంపన్నురాలు సాహిత్యకారులను చేరదీస్తూ ఉంటుంది. పేరుమోసిన రచయిత దివాకర్ బర్వేకు జాతీయ స్థాయి పురస్కారం వచ్చిన సందర్భంలో తన ఇంట విందు చేస్తుంది. ఆ ఒక్క రాత్రి, ఆ ఒక్క ఇంట్లో జరిగేదే కథ. వచ్చినవారిలో నటులున్నారు, ప్రజాదరణ పొందిన నాటకకర్త ఉన్నాడు, విప్లవం గురించి గ్లాసు చేత పట్టుకొని మాట్లాడే వృందా ఉంది, పైకి రావాలన్న ఆరాటంతో ఉన్న యువరచయిత భరత్ ఉన్నాడు. రాని మనిషి ఒక్కడే. అతడి పేరు అమృత్, కవి. నగరాన్నీ, ఈ మనుషులనూ విడిచి ఆదివాసుల మధ్యకు వెళ్ళి పనిచేస్తున్నాడు. రాత్రి గడిచేకొద్దీ మాటలన్నీ అతడి చుట్టూనే తిరుగుతాయి. విలేకరి అవినాశ్ అతడి సంగతులు మోసుకొని వస్తాడు. చివరికి అతణ్ణి చంపేశారన్న కబురు వస్తుంది.

మూలం మహేశ్ ఎల్‌కుంచ్‌వార్ మరాఠీ నాటకం, 1976 నాటిది. ఈ పత్రిక పాఠకులు ఈ రచయిత ఇంటిపేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. విదర్భలోనూ, మరాఠ్వాడాలోనూ ముంగంటివార్, వడెట్టివార్ వంటి ఇంటిపేర్లు మీరు వినే ఉంటారు. వాటి చివర ఉన్న ‘వార్’ మన ‘వారు’. గౌరవ బహువచనం గోదావరి దాటి మరాఠీ నేలలో స్థిరపడి, చివరి అచ్చును పోగొట్టుకొని ఇంటిపేరులో అతుక్కుపోయింది. ఎల్‌కుంచ్‌వార్ 1939లో విదర్భలోని పార్వా గ్రామంలో, తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టారు. నాగపూరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. నాటకాలు మరాఠీలో రాశారు. ఈ మాట చెప్పగానే మన సభల్లో వెంటనే ‘మనవాడే’ అంటారు. పేరు తెచ్చుకున్న వాణ్ణి దూరపు చుట్టరికం తవ్వి మనలో కలుపుకోవడం మనకున్న ఒక జబ్బు. దానికి ఈ వ్యాసం మందు కాకపోయినా పథ్యం తప్పకూడదు. ఆయన మరాఠీ రచయిత. అందులో సందేహం లేదు. మనకు పనికివచ్చేది ఆయన కులగోత్రాలు కావు. ఇంటి భాష ఒకటి, రచనా భాష మరొకటి, జీవనోపాధి భాష ఇంకొకటి అయిన మనిషి ఈ నాటకం రాశాడన్న విషయం పనికివస్తుంది. మీలో చాలామంది పరిస్థితీ అదే కదా.

ఇక చిత్ర నిర్మాణం. 1975లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ డబ్బుతో తీసిన సినిమాల్లో ఇదొకటి. ఆ సంస్థ డబ్బు పెద్ద తారలకూ, పాటలకూ సరిపోయేది కాదు. ఒక ఇల్లు, ఒక రాత్రి, రంగస్థలం మీద ఆరితేరిన నటీనటులు. ‘పార్టీ’ వంటి నాటకం ఆ కొలతకు కుట్టినట్టు సరిపోయింది. దమయంతిగా వేసిన విజయా మెహతా స్వయంగా మరాఠీ రంగస్థలాన్ని మార్చిన దర్శకురాలు. తెందూల్కర్ నాటకాన్ని ఆమె దర్శకత్వంలో చూసిన తరువాతే ఎల్‌కుంచ్‌వార్ నాటకరచన వైపు తిరిగారు. అదే సంవత్సరం, 1984లో, ఆయనదే మరొక నాటకం ‘హోళీ’ని కేతన్ మెహతా చిత్రంగా తీశారు. అది కళాశాల ఆవరణను కలియదిరుగుతుంది. ‘పార్టీ’ ఇంటి గుమ్మం దాటడానికి ఇష్టపడదు. మా దృష్టిలో ‘పార్టీ’ ఎంచుకున్న పద్ధతే మంచిది.

నాటకాన్ని తెరకెక్కించేవారికి మొదట కలిగే భయం ‘ఇది ఫొటో తీసిన నాటకం అంటారేమో’ అన్నది. ఆ భయంతో పాత్రలను వీధుల్లోకి, తోటల్లోకి, రైలు స్టేషన్లలోకి తిప్పుతారు. ‘విశాలం చేశాం’ అంటారు. నిహలానీ మొదటి భాగంలో అతిథులను వారి వారి ఇళ్ళల్లో, బయలుదేరే ముందు, కాసేపు చూపిస్తాడు. అది కొంత ఆ భయమే అనుకుంటాం. అయితే దానివల్ల ఒక మేలు జరిగింది. విందుకు వచ్చాక ముఖం మీద కనిపించే నవ్వును ఇంటి దగ్గర అద్దం ముందు సిద్ధం చేసుకున్నారని మనకు ముందే తెలిసిపోతుంది. ఆ తరువాత మాత్రం కెమెరా ఇంట్లోనే ఉండి, గుంపు నుంచి గుంపుకు, కింది హాలు నుంచి పిల్లలు నాట్యం చేస్తున్న మేడ మీదికి తిరుగుతుంది. వేదిక మీద అందరూ ఒకేసారి మన ఎదుట ఉంటారు. మాట్లాడని వాడు కూడా కనిపిస్తూనే ఉంటాడు. తెర మీద ఆ వీలు లేదు. అందుకు బదులుగా సినిమా మరొకటి ఇస్తుంది: ఒకరు మాట్లాడుతుండగా వింటున్నవాడి ముఖం. ఈ చిత్రంలో ఆ ముఖం ఎక్కువగా డాక్టరుది, అంటే అమ్రీశ్ పురీది. సాహిత్యంతో సంబంధం లేని వాడు, ఒక మూల కూర్చొని అందరినీ చూస్తుంటాడు. అమ్రీశ్ పురీని తెలుగువారు ప్రతినాయకుడి అట్టహాసాలతోనే గుర్తుపెట్టుకున్నారు. ఆ మనిషి ఊరకే కూర్చొని ఎంత చేయగలడో ఇందులో చూడాలి.

నటనలో శిఖరం మాత్రం రోహిణీ హట్టంగడిది. బర్వేతో కాపురం చేస్తూ, తన నటజీవితాన్ని వదులుకొని, తాగుడుకు బానిసైన మోహిని పాత్ర ఆమెది. దీనికే ఆమెకు ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారం వచ్చింది. ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991)లో ఆమెను నాయనమ్మగా చూసి కళ్ళు తుడుచుకున్న మన ఇళ్ళ ఆడవారికి మోహినిని చూపించండి, నమ్మరు. మోహిని చెప్పే ప్రతి మాటా ఎక్కడో వేదిక మీద చెప్పవలసిన మాట. వేదిక లేక విందులో చెబుతున్నట్టుంటుంది. బర్వే సిగ్గుపడతాడు. చుట్టూ ఉన్నవారు జాలిపడినట్టు నటిస్తారు. ఆ ఇంట్లో నటించనిది ఆ నటి ఒక్కతే.

బర్వే పాత్రలో మనోహర్ సింగ్ గొప్పవాడే గాని, పాత్రను రచయిత కొంచెం సులభం చేశాడని మా అభియోగం. బర్వే తనను తానే బాగా ఎరిగినవాడు. తన రచనలో సత్తువ పోయిందనీ, పురస్కారం తన అలసటకే వచ్చిందనీ అతడికి తెలుసు. అలా తెలిసినవాడిని మనం తప్పుపట్టడం మానేస్తాం. నిజమైన ప్రమాదం తెలియనివాడితోనే. మేము ఇంతకాలంలో ఎన్ని సన్మాన సభల్లో కూర్చున్నామో లెక్కలేదు. అక్కడ మద్యం ఉండదు. శాలువా, జ్ఞాపిక, పూలదండ, రాత్రి పదిన్నరకు పులిహోర ఉంటాయి. అయినా తతంగం అదే. సగం మాత్రమే చదివిన పుస్తకాన్ని వేదిక మీద మేమే ‘ఈ దశాబ్దపు ఉత్తమ కావ్యం’ అని పొగిడిన సందర్భం ఒకటుంది. ఆ కవి కంట నీరు పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం మేము బర్వేలం కాము. విందుకు వచ్చిన పేరులేని అతిథులం. ఈ చిత్రం బర్వేను పట్టుకున్నంత గట్టిగా ఆ అతిథిని పట్టుకోలేదు.

ఇప్పుడు భాష సంగతి. నాటకం మరాఠీ, చిత్రం హిందీ. పాత్రల పేర్లు బర్వే, ఆగాశే, రాణే అనే ఉన్నాయి. మాటలు మాత్రం హిందీ, మధ్య మధ్య ఇంగ్లీషు. పెట్టుబడి పెట్టిన సంస్థ జాతీయం కనుకా, చూసేవారు దేశమంతటా ఉండాలి కనుకా ఇలా జరిగిందని అర్థం చేసుకోగలం. నష్టం మాత్రం జరిగింది. మరాఠీలో భార్య భర్తను ‘అహో’ అని పిలవడానికీ, ‘అరే’ అనడానికీ మధ్య ఒక కాపురం చరిత్ర ఉంటుంది. ‘తూ’, ‘తుమ్హీ’, ‘ఆపణ్’ అన్న మూడు మెట్లలో ఎవరు ఏ మెట్టు మీద నిలబడ్డారో వినేవాడికి క్షణంలో తెలుస్తుంది. హిందీలోనూ మూడు మెట్లున్నాయి. కానీ ఆ మెట్లు మరో ఇంటివి. ఈ పాత్రలు దిగివచ్చిన మేడవి కావు. దీనివల్ల దమయంతి ఇల్లు బొంబాయిలోనే ఉన్నా ఏ భాష మధ్యా లేనట్టు అనిపిస్తుంది.

అయితే ఇంగ్లీషు విషయంలో చిత్రం చాలా తెలివిగా ఉంది. ఎవరు, ఎప్పుడు, దేనికోసం ఇంగ్లీషులోకి దాటుతున్నారో గమనించండి. సిద్ధాంతం మాట్లాడవలసి వస్తే దాటుతారు. చిన్నబుచ్చవలసి వస్తే దాటుతారు. గొంతు పూడుకున్నప్పుడు మాత్రం వెనక్కు వస్తారు. మా భాషాశాస్త్ర తరగతుల్లో దీన్ని సంకేత పరివర్తన అంటూ పట్టికలు గీయిస్తాం. పట్టికలు గీయక ముందు ఈ చిత్రం ఒకసారి చూడడం మేలు.

‘పార్టీ’ అన్న మాట కూడా చూడండి. తెలుగులో ‘పార్టీ ఇచ్చాడు’ అంటే విందు. ‘పార్టీలో చేరాడు’ అంటే రాజకీయం. ‘ఊళ్ళో పార్టీలున్నాయి’ అంటే ముఠాలు. ఒకే అరువు మాట, క్రియ మారితే లోకం మారిపోతుంది. దమయంతి ఇంట్లో మూడు అర్థాలూ ఒకేసారి జరుగుతున్నాయి. విందు పైకి కనిపించేది. ముఠాలు దాని కింద ఉన్నాయి. రాజకీయం ఆ ఇంట్లో లేని మనిషితో అడవుల్లో ఉంది. తెలుగు చెవికి ఈ శీర్షిక మూలంలోకంటే ఎక్కువ పలుకుతుందేమో.

ఇంతకీ అమృత్. వేదిక మీదికి రాని పాత్ర మాటల్లోనే బతుకుతుంది, మాటల్లోనే పెరుగుతుంది. మన పరిషత్తు నాటకాల్లో అయితే అమృత్ రెండో రంగంలోనే ఎర్ర తువ్వాలుతో ప్రవేశించి, న్యాయనిర్ణేతలు కూర్చున్న వైపు తిరిగి ఎనిమిది నిమిషాలు ఉపన్యసించి బహుమతి పట్టుకుపోయేవాడు. ఎల్‌కుంచ్‌వార్ అతణ్ణి విందుకు రానీయలేదు. అందరూ అతణ్ణి తమకు అనుకూలంగా వాడుకుంటారు. ఒకరికి అతడు ఆదర్శం. మరొకరికి పిచ్చివాడు. ఇంకొకరికి పోటీదారు తప్పుకోవడంతో కలిగిన ఊరట. దమయంతి కుమార్తె సోనా, పెళ్ళికాకుండానే తల్లి అయి విందుకు ఎడంగా ఉండే పిల్ల, ఒక్కతే అతడి గురించి ప్రదర్శన లేకుండా మాట్లాడుతుంది.

చివర్లో నిహలానీ అతణ్ణి చూపిస్తాడు. నసీరుద్దీన్ షా వంటి నటుణ్ణి ఒక్క మాట లేని పాత్రకు తీసుకొని, రక్తసిక్తమైన దేహంతో, నాలుక కోసేసిన నోటితో, బర్వేకూ భరత్‌కూ కనిపించే పీడకలగా చూపిస్తాడు. మొదట చూసినప్పుడు ఇది తప్పు అనుకున్నాం. రెండు గంటలు చూపించకుండా నిలబెట్టిన మనిషిని కడపటి నిమిషాల్లో చూపించి ఖర్చుచేసుకున్నాడనిపించింది. ఈనాటికీ ఆ అభిప్రాయం సగం అలాగే ఉంది. మిగతా సగం మారడానికి నిహలానీ గత చిత్రాలే కారణం.

ఆయన దర్శకుడు కాకముందు ఛాయాగ్రాహకుడు. తెందూల్కర్ నాటకం ఆధారంగా సత్యదేవ్ దూబే 1971లో తీసిన ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’కు పనిచేశారు. అదీ చిన్న పెట్టుబడితో తీసిన నాటకచిత్రమే. తరువాత 1974లో శ్యామ్ బెనెగళ్ ‘అంకుర్’కు పనిచేశారు. ‘అంకుర్’ కథ తెలంగాణా పల్లెలో జరుగుతుంది. అందులో కుమ్మరి కిష్టయ్య చెవిటివాడు, మూగవాడు. ఆ పాత్ర వేసినది ఒరియా నటుడు సాధు మెహర్. మిగతావారు దక్కనీ కలిసిన హిందీ మాట్లాడతారు. 1980లో నిహలానీ స్వయంగా తీసిన ‘ఆక్రోశ్’లో ఆదివాసి లహాణ్యా భికూ తనకోసం వాదిస్తున్న వకీలుతో కూడా నోరు విప్పడు, చివరికి తండ్రి చితి దగ్గర కేక మాత్రం పెడతాడు. ‘పార్టీ’లో నాలుక తెగిన కవి. కెమెరా వెనుక ఉన్న మనిషి ఒకడే, కెమెరా ముందు మూగవాళ్ళు ముగ్గురు. పుట్టుమూగ ఒకడు, పట్టుదలతో మూగవాడైనవాడు మరొకడు, నోరు మూయించబడినవాడు మూడోవాడు. ఈ వరుసలో పెట్టి చూస్తే ఆ చివరి దృశ్యం అప్పటికప్పుడు వేసిన ఎత్తు కాదనీ, ఒక కళాకారుణ్ణి పదేళ్ళుగా వెంటాడిన బొమ్మ అనీ ఒప్పుకోవాలి.

కానీ షోలాపూరు విద్యార్థిని ప్రశ్న ఇక్కడే గుచ్చుకుంటుంది. నాలుక తెగింది, ఏ భాష మాట్లాడిన నాలుక? అమృత్ నగరపు భాషలో కవి. నగరపు పత్రికలు అతణ్ణి అచ్చువేశాయి, నగరపు విమర్శకులు అతణ్ణి పెద్దచేశారు. అడవికి వెళ్ళాక అతడు అక్కడివారితో ఏ భాషలో మాట్లాడాడు? వాళ్ళ భాష నేర్చుకున్నాడా? నేర్చుకుంటే అందులో పాట కట్టాడా? కవిత్వం విడిచిపెట్టడం త్యాగమని విందులో ఒక వర్గం అంటుంది, వృథా అని మరో వర్గం అంటుంది. అతడు విడిచిపెట్టింది కవిత్వాన్నా, కేవలం ఆ భాషలో కవిత్వాన్నా అని మాత్రం ఒక్కరూ అడగరు. అవినాశ్ కూడా అడగడు. నాటకకర్తకూ, దర్శకుడికీ కూడా ఈ ప్రశ్న తట్టినట్టు లేదు. ‘అంకుర్’లో తెలంగాణా రైతు నోట తెలుగు వినిపించనట్టే, ‘పార్టీ’లో ఎవరికోసం కవి చచ్చిపోయాడో వారి భాష ఒక్క ముక్క వినిపించదు. కవి నాలుక పోయిందని చిత్రం దుఃఖించింది. ఆ ఆదివాసుల నాలుక ఉందో లేదో చూడనే లేదు.

ఒరిస్సా నుంచి వచ్చిన మా విద్యార్థులకు ఈ సందర్భంలో సుబ్బారావు పాణిగ్రాహి గుర్తుకు రావాలి. ఒరియా కుటుంబంలో పుట్టినవాడు, శ్రీకాకుళం జిల్లా బొడ్డపాడులో అర్చకుడు, తెలుగులో పాటలు కట్టినవాడు, జముకుల కథ చెప్పినవాడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయన నడిచిన రాజకీయ మార్గం గురించి పాఠకుల్లో భిన్నాభిప్రాయాలుంటాయి, ఉండాలి. మేము ఇక్కడ చూసేది భాషను మాత్రమే. ఆయన ఆ పల్లెల వారికి అందని మాటతో వెళ్ళలేదు. వాళ్ళు సంక్రాంతికీ, జాతరకూ వింటున్న కథాప్రక్రియనే పట్టుకున్నాడు. ఇంటిభాషను పక్కనపెట్టి వినేవాడి భాషలోకి నడిచాడు. ఏడేళ్ళ తరువాత తెలుగు మూలాలున్న ఎల్‌కుంచ్‌వార్ మరాఠీలో అమృత్‌ను ఊహించాడు. ఒకరి గురించి మరొకరికి తెలుసని మేము అనడం లేదు. పాణిగ్రాహి విషయంలో అందరికీ తెలిసిన సంగతి అమృత్ విషయంలో ఒక ఖాళీగా మిగిలిపోయిందని మాత్రమే అంటున్నాం. ఆ ఖాళీని చూసినదీ మగ్గాల పేట పిల్లే. ఇంట్లో ఒకటి, బడిలో మరాఠీ, మా శాఖలో ‘ప్రామాణిక’ తెలుగు, ఇన్ని నాలుకలు మార్చుకుంటూ వచ్చిన పిల్లకు తప్ప ఆ ప్రశ్న ఎవరికి తోస్తుంది? ఆమె వాక్యం వినగానే తరగతి నవ్వింది ప్రశ్నకు కాదు, ‘రాసిండు’కు. ఆ నవ్వును ఆరోజు ఆపనందుకు ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ సిగ్గుపడుతున్నాం.

ఆ ఏడాది సెమినారు పత్రానికి ఆమె ‘పార్టీ’లో రెండు దృశ్యాలను షోలాపూరు తెలుగులోకి తిప్పింది. మోహిని మాటలు ఎక్కడా తడబడకుండా వచ్చాయి. చదువుతుంటే తాగిన ఆడమనిషి దుఃఖం పక్కింటి అరుగు మీద వినిపించినట్టుంది. డాక్టరు కూడా వచ్చాడు. దమయంతి మాటలను మాత్రం మరాఠీలోనే వదిలేసింది. ఎందుకమ్మా అని అడిగాం. “మా ఇండ్లల్ల అట్ల మాట్లాడేటోళ్ళు ఎవ్వరూ లేరు సార్” అంది.